తలుపు నాలిక

అరవై ఎనిమిది మోడల్ ఫియేటు.
మలుపు వచ్చిందంటే సాలు
ఎడమ దిక్కు వెనుక తలుపు దానంతట అదే తెర్సుకుంటది.
పోయిన మాఘంల, పరకాల పెండ్లికి కిరాయి పోతె
పెండ్లికొడుకు సగం కారుల, సగం బజాట్ల.
అప్పటిసంది తలుపుకు తాడు,
తాడు కొస నా సీటుకు.

హబీబ్ మేస్త్రి లాకు ఇప్పి అరచేతుల పెట్టుకొని
నాడి చూసినట్టు చూసిండు.
"నాలిక అరిగింది.
గిది ఇప్పుడు ఎవ్వలు చేస్తలేరు" అన్నడు
టోపీ సవరించుకుంట, పోయినోళ్ల ముచ్చట చెప్పినట్టు.

మండి బజార్ల అడిగిన.
కౌంటర్ మీది పిలగాడు ఫోన్లకెంచి తల ఎత్తకుంట
"ఏ ఇయర్ అంకుల్?" అన్నడు.
చెప్పిన.
తల ఎత్తిండు.

శివనగర్ల లేత్ మిషన్ సదానందంచారి
ఇత్తడితోని ఒకటి కోసిచ్చిండు.
పట్టుమని పది దినాలు.
ములుగు రోడ్డు గుంతలకు
మాట మీద నిలవడని మనిషి లెక్క జారవట్టింది.
కాజీపేటల ఒకాయన ఉన్నది రమ్మని పిలిచి
అంబాసిడర్‌ది చేతుల పెట్టి, గదే గిది అన్నడు.

ఆఖరికి జమ్మికుంట పత్తి మార్కెట్ కాడ
చాయ తాగుతుంటె ఎవరో చెప్పిండ్రు:
ఓదెమ్మ పెరట్ల ఉన్నది,
చక్రాలు లేవు గని తలుపులు నాలుగూ ఉన్నయి.

సీతాఫలం చెట్టు కింద
నా కారు తోడబుట్టింది,
ఏ రంగో చెప్పరాకుంట.
స్టీరింగ్ మీద పుంజు.
వెనుక సీటుల, స్ప్రింగుల నడుమ గడ్డిల
గుడ్ల మీద పెట్ట.
ఒంటి కన్నుతోని చూసింది నన్ను,
ఎంత దూరమున్నది ఇంకా అన్నట్టు.

"వెయ్యి ఇస్త అవ్వా. పోనీ రెండు."
"పైసల ముచ్చట కాదు బిడ్డా,
అదరగొడితె గుడ్లు మురుగుతయి.
నిన్ననే పొదగేసిన. ఇర్వై దినాలు ఆగు."

ఆగిన.
నడుమ రెండు పెండ్లిండ్లు.
రెండో పెండ్లిపిల్ల, నర్సంపేట దాక
మైదాకు చెయ్యితోని తలుపు పట్టుకొనే కూసున్నది.
తల్లి యాదికొచ్చి ఏడుద్దామన్నా
చెయ్యి ఖాళీ లేదు పాపం.

మళ్ల పోయేసరికి పెరడంత కిచకిచ.
"పదకొండు లేసినయి. ఒకటి మురిగింది.
అది నీ ఖాతాల రాసిన" అన్నది ఓదెమ్మ.
మరలు తుప్పువట్టి కదలలే.
గాసునూనె పోసి, రెండు చాయలు తాగి, మళ్ల తిప్పిన.
వచ్చింది.
లోపట గ్రీసు ఇంకా మెత్తగనే ఉన్నది,
గ్రీసుల ఒక ఈక.

తలుపు గాలికి ఊగింది.
"మరి రాత్రికి ముంగీస వస్తె?"
గా సంగతి నాకు తట్టనే లేదు.
డిక్కీలకెంచి నా అరిగిన లాకు తీసి బిగించిన.
టక్కున పడ్డది.
కదలని కారుకు మలుపులెక్కడియి,
అరిగిన నాలికైనా సరిపాయె.

హుజూరాబాద్ మలుపు కాడ
తలుపు సప్పుడు చెయ్యలే.
నా చెయ్యే, తాడు కోసం
ఎనుకకు పోయి, ఉత్తగ మర్లొచ్చింది.
గుడ్డు బాకీ ఇంకా తీరలే.