ఎడమ చక్రం

నలభై ఆరో ఏట గేటు పాసు వెనక్కిచ్చేశాను.
కూర్మన్నపాలెం గేటు దగ్గర ఆ కుర్రాడు
దాన్ని రేకు డబ్బాలో పడేసిన చప్పుడు
రెండు నెలలు చెవిలోనే ఉంది.
ఆ రెండు నెలలూ పొద్దున్నే లేచి
క్యారేజీ కడిగి బోర్లించేవాణ్ని,
అందులో పెట్టడానికి ఏమీ లేకపోయినా.

కేజీహెచ్‌కి వెళ్లింది బావమరిది కాలి కట్టుకోసం.
వాన వెలిసిన ఆ ఎత్తు మీద
పాడేరు అవతలనుంచి వచ్చిన పాంగి సొంబరి
పెనిమిటిని చక్రాల కుర్చీలో నెడుతోంది.
కుర్చీ ఎడమకే పోతోంది, మొండి దూడలా.
"ఇటు రమ్మంటే అటెల్తావేటి!"
ఆమె తిట్టింది కుర్చీనో, మొగుణ్నో.

వంగి చూశాను.
ఇరవై రెండేళ్లు వంగే బతికినవాణ్ని.
బేరింగులో వెంట్రుకలు, కట్టుగుడ్డ పీలికలు,
బెల్లప్పాకంలా గట్టిపడ్డ గ్రీజు.
జేబులో ఇంకా పదో నంబరు స్పానరు ఉండటం
అలవాటో, అవమానమో.
ఉంది.

ఐదు నిమిషాలు పట్టింది. కుర్చీ తిన్నగా నడిచింది.
ఆమె నావైపు తిరగలేదు,
ఎక్స్‌రే గది మూసేస్తారు మరి.
పైకెళ్తున్న ఆ వీపునే
చాలాసేపు చూస్తూ నిలబడ్డాను.

మర్నాడు ఎవరూ పిలవకుండానే వెళ్లాను.
సిస్టర్ ఎస్తేరు స్టోరు గది తాళం తీసింది.
ముప్పై ఒక్క కుర్చీలు, ఒకదాన్నొకటి ఒరుసుకుని,
వేట ఆపిన రోజుల్లో హార్బరులో బోట్లలా.
"జీతం ఏటీ రాదు, తెలుసు కదా?"
"ఒక బల్బు పెట్టించండి చాలు" అన్నాను.

"ఊరికే చేసే పనికి చొక్కానిండా ఇంత మసా?"
మా ఆవిడ అడిగింది, నవ్వకుండా.
జవాబు నాకూ తెలీదు.
పూర్ణా మార్కెట్లో పాత సైకిలు ఇరుసులకి
బేరమాడుతున్నప్పుడు మాత్రం
పోయిందనుకున్న నా గొంతు
నాకే గట్టిగా వినపడింది.

ఆ కుర్చీలు చూసే అక్కయ్యపాలెం షాపువాళ్లు పిలిచారు.
వారానికి నాలుగు రోజులు అక్కడ, డబ్బుకి.
రెండు రోజులు ఇక్కడ, బల్బు కింద.
ఏం పని చేస్తావని రేషను కార్డు దగ్గర అడిగితే
రెండిట్లో ఏది చెప్పాలో తడబడ్డాను,
వెనక లైనులోవాళ్లు విసుక్కున్నారు.

నిన్న ఒక కుర్చీ తిరిగొచ్చింది.
నేను బాగుచేసిందే. మళ్లీ ఎడమకి.
తిరగేసి, చక్రాన్ని వేలితో తిప్పాను.
టిక్కు. ఎక్కడో తగులుతోంది.
కిటికీలోంచి ఉప్పుగాలి,
పక్కనే క్యారేజీ, అందులో వంకాయ కూర.
తిన్నాక చూద్దామనుకున్నాను.

చల్లారిపోయింది కూర.