గుర్తు తెలియని

మా ఆఫీసులో ఆ మాట వెనకాల
ఎప్పుడూ 'మృతదేహం' అనే వచ్చేది.
వేళ్లకు అలవాటు.
డెబ్బై తొమ్మిది జనవరిలో మొదటిసారి
'గుర్తు తెలియని' అని కొట్టి ఆగిపోయాను.
వామన్‌రావు సారు చార్మినార్ సిగరెట్ దులుపుతూ
"వెలుగు అని కొట్టవయ్యా" అన్నాడు.

మౌలాలి గుట్ట మీద, తెల్లవారుజాము నాలుగింటికి,
ఇత్తడి తాంబాళమంత.
చప్పుడు లేదు, తోక లేదు.
లాలాగూడ వైపు ఒరిగి కాసేపు నిలబడి
ఉన్నచోటే లేకుండా పోయింది.
చూసినవాళ్లు ముగ్గురు:
క్వారీలో కంకర కొట్టే సాయవ్వ,
రాత్రి డ్యూటీ దిగిన ఫిట్టర్ బుర్హాన్.
మూడోవాడు పేరు చెప్పలేదు.

ఢిల్లీ నుంచి సైక్లోస్టైల్ ప్రశ్నలొచ్చాయి.
మొదటి రెండూ వెలుగు గురించి:
ఎంత ఎత్తు, ఏ రంగు.
మిగతా పంతొమ్మిదీ మనుషుల గురించి.
తాగుతాడా. ఏ యూనియన్.
కరాచీలో చుట్టాలెవరు.
ఆమె గుడిసెకు చీకటి పడ్డాక వచ్చేదెవరు.

బుర్హాన్ మొదట్లో నవ్వాడు.
"మై ఊపర్ దేఖా సాబ్, ఆప్ మేరేకు దేఖ్‌రే."
మూడో పిలుపుకి నవ్వలేదు.
నాలుగోసారి, ఏమీ చూడలేదని
ఉర్దూలో సంతకం పెట్టి
టోపీ మర్చిపోయి వెళ్లాడు.

సాయవ్వ పెట్టలేదు.
"సూసిన కండ్లు నాయి. సూడలేదని మీరెట్ల రాస్తరు?"
ఆమె రాళ్లు కొట్టేది.
ఆమె మాట నేను టైపు కొట్టాను.
సారు ఎర్రసిరాతో కొట్టేశాడు.

చివరికి బెలూన్ అని తేల్చారు.
ఈసీఐఎల్ అవతల ఎగరేస్తారు, నిజమే,
మా పిల్లలూ డాబా ఎక్కి చూసేవాళ్లు
పాలిపోయిన పగటి చంద్రుణ్ణి చూసినట్టు.
ఆ రోజు రిజిస్టరు నకలు నేనే తెప్పించాను:
'గాలి ఎక్కువ. ఎగరేయలేదు.'
ఆ కాగితాన్ని ఫైలు అట్టడుగున కుట్టాను,
తడిసిన వేలు ఎప్పుడూ చేరని పేజీలో.

అంతే చేశాను.
అంతకంటే ఎక్కువ చెయ్యొచ్చని
ఇప్పుడు, పెన్షన్ తింటూ, అనిపిస్తుంది.

పోయిన శీతాకాలం, నిద్రపట్టక,
ఫ్లాస్కులో చాయ్ పోసుకుని మౌలాలి వెళ్లాను.
క్వారీ వైపు గుట్ట సగం లేదు;
కంకరై ఊరి గోడల్లోకి వెళ్లిపోయింది.
మూడోవాడు నిలబడ్డ చోటు మాత్రం ఉంది,
నాకు బాగా తెలిసిన చోటు.
నాలుగైంది. నాలుగుంపావు.
శంషాబాద్ వైపు దిగే విమానం ఒకటి,
దాని వెనక మామూలు చుక్కలు.

పెట్రోలింగ్ బండి ఆగింది.
కుర్ర కానిస్టేబుల్ టార్చి నా ముఖం మీద వేసి
"ఎవరు నువ్వు? ఈ టైముల ఏం చూస్తున్నవ్?" అన్నాడు.
జేబులు తడుముకున్నాను.
కార్డు ఇంట్లోనే ఉండిపోయింది.