లెక్క తప్పిన ఆసు

ఆసు పోస్తే లెక్క తప్పదు మా నవనీత.
ఇయ్యాల మూడుసార్లు తప్పింది.
తెగిన పోగును అతుకుతున్నట్టే ఉండి
నేను దాని మొఖం చూస్తున్న.

పుట్టపాకల పుట్టిన పిల్ల,
ఆముదం, బూడిదనీళ్ల వాసనలనే పెరిగింది.
తేలియా నూలు కుండ మూత తీయంగనే
కొంగు ముక్కుకడ్డం పెట్టుకొని వాకిట్లకు ఉరికింది.
"పొద్దుగాల ఉప్మా పడలేదక్కా" అన్నది.
ఉప్మా అందరం తిన్నం.

నిన్న మగ్గం గుంతల కూసున్నది కూసున్నట్టే
చేతిల నాడెతోటి నిద్రపోయింది.
రవికె గట్టిగైందని రెండుసార్లు సదురుకుంది.
పోయిన నెల తెచ్చిన ప్యాడ్ల పాకిట్టు
గూట్లె విప్పకుంటనే ఉన్నది.

నాకొకరు చెప్పనక్కరలే.
ఈ గుర్తులన్నీ ఒకపారి నా ఒంట్లె
పదకొండు వారాలుండి పోయినయి.
అప్పుడు నేను వాడంత చెప్పుకున్న.
చెప్పుకున్నందుకే పోయిందా అని
ఇప్పటికీ ఒక పోగు గుంజుతనే ఉంటది.

అందుకే అత్తకు చెప్పలే, మరిదికి చెప్పలే.
రంగులు తెస్తనని చౌటుప్పల్ బస్సెక్కి
మందుల దుకాణంల గొంతు తగ్గించి అడిగి
చిన్న కిట్టు తెచ్చిన.
దాని కండెల బుట్టల, ఎర్ర నూలు కింద పెట్టిన.

రెండో గీత పడితె
నాకు చెప్తదో, చెప్పదో.
నీళ్ల బిందె మాత్రం ఇయ్యాల్టి సంది నేనే ఎత్తుతున్న.
ఎందుకని అది అడుగలే.

ఆసు కాడ కూసొని
మళ్ల మొదటి నుంచి ఎంచుతున్నది.