ఐదు తరాల కాగితం

టాడ్‌మర్డెన్‌లో రైలు దిగేసరికి
వాన పడట్లేదు, గాలిలో వేలాడుతోంది.
కొండమీద ఆఖరి ఇల్లు.
తలుపు తీసిన మిసెస్ ఆక్రాయిడ్
నా ముఖం చూడలేదు,
ముందు చేతులు చూసింది.

పిల్లిపిల్లను చూసుకుందామని వెళ్ళాను.
తీరా కూర్చున్నాక తెలిసింది
చూపులు నాకని.
ఏం చేస్తావు? ఆసుపత్రి ల్యాబులో, రక్తపరీక్షలు.
రాత్రి డ్యూటీలా? నెలకు ఆరు.
సొంతిల్లా? కాదు. ఇంటాయన ఒప్పుకున్నాడా?
ఉత్తరం చూపించాను.
లిల్లీలు పెడతావా కూజాలో?
పెడితే ఈరోజే పారెయ్, పుప్పొడి నాకినా కిడ్నీలు పోతాయి.
గోత్రం ఒక్కటే అడగలేదు.
అది ఆవిడే చెప్పింది తర్వాత, వాళ్ళ పిల్లలది.

పొయ్యి పక్క బుట్టలో నలుగురు,
బాగా మరిగిన ఉలవచారు రంగు.
ముగ్గురు నా బూట్ల తాళ్ళమీద యుద్ధానికొచ్చారు.
నాలుగోది గిన్నెలోంచి తలెత్తి
ఓసారి చూసి
మళ్ళీ తినసాగింది.
"దానికి తోక చివర ముడి. పోటీలకు పనికిరాదు."
వంక పెట్టినట్టు కాదు, బరువు చెప్పినట్టు చెప్పింది.
వేలితో తడిమాను. నిజమే,
ధనియపు గింజంత.
ఇదే, అన్నాను.
పదమూడు వారాలు నిండాకే, అంది.

నిండాక వెళితే ముందు కాగితాలిచ్చింది.
తల్లికీ తండ్రికీ పొటాషియం పడిపోయే జబ్బు లేదు.
అలాంటివి చదవడం నా ఉద్యోగం,
అయినా రెండుసార్లు చదివాను.
తర్వాత ఇంకోటి. మడతలు విప్పితే ఐదు తరాలు.
తల్లి, తల్లి తల్లి, ఆమె తల్లి, ఆపైన ఆమె,
ఒక్క గడీ ఖాళీ లేదు.

తద్దినాలనాడు నాన్న
మూడు తరాల మగాళ్ళ పేర్లు గడగడా చెప్పేవాడు.
అమ్మమ్మను కన్నావిడ పేరు
నాకు తెలీదు.

రైల్లోంచే తెనాలి పిన్నికి ఫోన్ చేశాను.
ఒళ్ళో పెట్టె, పెట్టెలో ఏడుపు.
"అందరూ బుల్లెమ్మ అనేవారే...
అసలు పేరా? ఏమో, ఎవరడిగారు?
ఇంతకీ ఆ గోలేంటి?"

పిల్లి పిల్లల్ని ఏడిళ్ళు తిప్పుతుందంటారు.
ఈ దేశంలో నేను ఏడూ తిరిగాను,
మెడ పట్టి మోసే నోరు లేకుండానే.
హడర్స్‌ఫీల్డ్‌లో ఈ రెండు గదులు ఎనిమిదో ఇల్లు.

ఉలవ అని పిలుస్తున్నాను.
కాగితంలో మూడు మాటల దొరసాని పేరుంది.
అది దేనికీ పలకదు.
మొదటి మూడు రోజులూ వాషింగ్ మెషీన్ వెనకే.
పాలు పోసిపెట్టాను, ఇంకేం చేస్తాను.
మిసెస్ ఆక్రాయిడ్ ఫోన్లోనే కసిరింది:
పాలేంటి, విరేచనాలవుతాయి. నీళ్ళు పెట్టు.
నేనిచ్చిన మేతే, పదిరోజులు మార్చకు.
మట్టి పెట్టె గిన్నెకు దూరంగా.
తల్లి వాసన గుడ్డ ఉతికావో!
కళ్ళు మూసుకుని పాలు తాగే పిల్లి
సామెతలోనే ఉండిపోయింది పాపం.

నాలుగోనాడు తెల్లారి డ్యూటీ దిగొచ్చి
కోటైనా విప్పకుండా వంటింటి నేలమీద ఒరిగాను.
మెలకువ ఎప్పుడొచ్చిందో,
అరచేతిలో ఏదో వెచ్చగా,
దాని చివర
ధనియపు గింజంత ముడి.
చెయ్యి తిమ్మిరెక్కినా కదపలేదు.

రోజూ సాయంత్రం ఆరింటికి ఫోను.
హలో ఉండదు. "తిందా?"
తిందంటే పెట్టేస్తుంది.
మా పిన్ని తప్ప ఇంకెవరూ
నన్నిలా పలకరించగా వినలేదు.
నిన్న మాత్రం పెట్టేయకుండా ఆగింది.
వెనకాల ఏదో గొంతు, గదిలోంచి గదిలోకి పోతూ.
"వాళ్ళమ్మ," అంది.
"ఇంకా వెతుకుతోంది."
ఆవిడా ఏమీ అనలేదు, నేనూ అనలేదు.
ఉలవ చెవులు నిక్కించి ఫోను దాకా వచ్చింది,
వాసన చూసింది,
వెనక్కెళ్ళి గిన్నెలో తల పెట్టి
మళ్ళీ తినసాగింది.