కసువుకు మార్కులు

కరకంబాడి రోడ్డు పక్కన, ముళ్లకంచె లోపల
పద్దెనిమిది మళ్లు.
ఒక్కోటి నులకమంచమంత.
తలకాడ ఒక రేకు, రేకు మీద ఒక అంకె.
పేర్లు ఆఫీసు బీరువాలో ఉన్నాయి.
మార్కులు వేసేదానికి పేర్లు తెలియకూడదు.

నేనే ఆ వేసేదాన్ని.
పదిహేను రోజులకొకసారి మోకాళ్ల మీద కూర్చుని
రంగుకు తొమ్మిదికి ఎన్ని,
ఒత్తుకు తొమ్మిదికి ఎన్ని,
అరికాలికి మెత్తనా కాదా.
నీళ్లు తక్కువ తాగాలి, కోత తక్కువ అడగాలి,
మనిషి అక్కర తక్కువ ఉండాలి.
అట్లాంటి గడ్డి కావాలంట కొత్త విల్లాలకు.

మా ఇంట్లో కసువంటే గడ్డీ అదే,
పొద్దున్నే ఊడ్చి పారబోసేదీ అదే.
"కసువుకు మార్కులేసే ఉద్యోగమా?"
అమ్మ ఇంకా ఎవరికీ చెప్పలేదు.

మార్చి దాకా అన్నీ ఫస్టు క్లాసే.
మే ఒకటిన బోరు కట్టేశాం.
కట్టేయడమే పరీక్ష.

దాహమేసిన గడ్డి ముందే పసుపు కాదు.
ముందు నీలమవుతుంది,
గట్టి దెబ్బ తగిలిన చోట చర్మంలాగా.
తర్వాత, తొక్కితే లేవదు.
ఎనిమిదో మడిలో పొద్దున నేనేసిన అడుగు
సాయంత్రం వెళ్లి చూస్తే అట్లే ఉంది,
అయిదు వేళ్లూ లెక్కపెట్టుకోవచ్చు.
రెండు వేసి లేచాను.
పదకొండు, దిండులా ఉబ్బి
క్యాలెండరు బొమ్మలా ఉండింది,
ముప్పయ్యో రోజుకు కొబ్బరిపీచు.

కలుపు తీసేది కన్నెమ్మవ్వ.
పద్నాలుగో మడిలో తుంగ పెరుకుతా పెరుకుతా ఆగింది.
ఒక తీగ తుంచి, గోటితో చిదిమి, వాసన చూసింది.
"ఇది గరికే గదమే. ఏం పేరు పెట్టి తెచ్చినారు దీనికి?"
"నాకు చెప్పరవ్వా."
"చెప్పేదేముండాది. యాభై ఏండ్ల కొట్లాట నాకూ దీనికీ.
చెనిక్కాయ చేన్లో దీన్ని పెరికి కూలి తిన్న్యా.
గెనిమి మీద ఎండేస్తే, ఒక్క వానకు
నన్ను చూసి నవ్వతా లేచేది.
ఇప్పుడు దీన్ని ఉంచి, చుట్టూ ఉండేది పెరికి
కూలి తింటా ఉండా."

ముప్పై ఆరో రోజు రాత్రి
గురవయ్య ఆవు కంచె దూరింది.
తొమ్మిదీ పద్నాలుగూ నున్నగా గొరిగేసింది.
పదకొండును మూతితో తాకి వదిలేసింది.
ఆరో మడి మీద పేడ వేసింది.
వాచ్‌మన్ పరందామ చేతులు వణుకుతున్నాయి:
"సారుకు చెప్పొద్దు మేడం."
"దానికీ ఒక పుస్తకమియ్యండి," అంది అవ్వ,
"అదీ వేసిపోయింది గదా మార్కులు."
నా షీటులో రుచికి గడి లేదు.
రిమార్కుల్లో "బాహ్య కారణాల వల్ల నష్టం" అని రాశాను.
రాసి, పద్నాలుగు దగ్గర కాసేపు కూర్చున్నాను.

జూన్ మొదట్లో కొండ మీది నుంచి దిగి
అరగంట వాన.
మూడో రోజుకు ఆవు కొరికిన మొనల్లోంచే
పచ్చగా, సన్నగా, పెన్సిలు చెక్కినట్టు.
కోలుకోవడం: తొమ్మిది.
పుస్తకం పట్టుకుని అంత సంతోషపడొచ్చునని
నాకు తెలియదు.

ఆ రోజే చివరి గడి నింపాను.
కోతలు, ఏడాదికి నాలుగు.
కూలీ దినాలు, అంచనా.
అవ్వ నా భుజం మీంచి తొంగి చూస్తోంది.
అక్షరాలు రావు, అంకెలు వచ్చు.
"ఆరేంది?"
"ఈ గడ్డి వేస్తే ఏడాదికి ఆరు దినాల పని చాలవ్వా.
అందుకే ఇది మంచిది."

వేళ్ల మీద ఆరు లెక్కపెట్టుకుంది,
రెండో చేతిలో ఒక్క వేలు పట్టుకుని ఉండిపోయింది.
తర్వాత చీర దోపుకుని
రేకు పక్కన మళ్లీ గొంతు కూర్చుని
మూడంగుళాల లోతు నుంచి గడ్డతో సహా
ఒక తుంగమొక్క లాగి నా ముందు పడేసింది.

"ఆరు దినాలని
దీనికి చెప్పినారా?"