సూళ్లూరుపేట, ఒక పేజీలో

ఊరి వివరాలు ఒక పేజీలో రాసిమ్మన్నాడు కమిషనరు,
సాయంత్రం అయిదు లోపల.
జనాభా. విస్తీర్ణం. నది.
నివసించే జనం, వాళ్ల వృత్తులు.

నది దగ్గరే పెన్ను ఆగింది.
మా జేజి ఏనాడూ కాళంగి అని పేరు పెట్టి పిలవలా,
"ఏరు" అనేది, మొగుణ్ణి "ఆయన" అన్నట్టు.
ఏడాదిలో తొమ్మిది నెలలు దానికి పన్లేదు:
ఇసక, జిల్లేళ్లు, ఆరేసిన లుంగీలు,
రబ్బరు బంతి కోసం కొట్టుకునే పిలకాయలు.

వంతెన దిగితే ముందు తవుడు వాసన,
దాని వెనకే ఉప్పుచేప,
ఆ వెనక మైమూన్ బీవి పెనం మీద మాడే ఎర్రకారం.
బీవి నమాజు అరబ్బీలో చేస్తుంది, లెక్కలు అరవంలో వేస్తుంది,
బాకీదార్లని తిట్టేది మాత్రం తెలుగులో.
తెలుగులో అయితేనే తగులుద్దంట.
మాతృభాష అన్న గడి చూస్తే వేలెడంత.

షార్‌లో రాకెట్ లేచే రోజు
రేడియోలో అంకెలు వెనక్కి నడుస్తుంటే
మంగలి ధనపాల్ గొంతు మీంచి కత్తి ఎత్తి పట్టుకుంటాడు.
అద్దం వణికి, ఆగి, మా మొహాలు మళ్లీ మాకిచ్చాకే
మిగతా సగం గడ్డం.

బీవి వాళ్లది పినాంగు ఇల్లు.
తాత తాత ఓడెక్కి పోయి
ఒక రేకుపెట్టెతో తిరిగొచ్చాడు.
పెట్టె మూత లోపల అతికించిన బొమ్మ:
ఏటి ఒడ్డున, కొయ్యకాళ్ల మీద నిలబడ్డ ఇళ్లు.
చిన్నప్పుడు అది మా ఊరే అనుకున్నాం,
ఇళ్లకి కాళ్లెందుకో అర్థం కాలా.

ఆ నవంబరు రాత్రి అయింది.
పైన చెరువులు తెగి
ఏరు మా గుమ్మాలు ఒక్కోటే తట్టుకుంటా వచ్చింది.
గిరిజన కాలనీ పోలయ్య
నాలుగు నీలం డ్రమ్ములకి నైలాను తాడు చుట్టి
మెడ దాకా నీళ్లలో నెట్టుకుంటా వచ్చాడు.
ముందు ఎస్తేరు టీచర్ని, ఆమె హార్మోనియాన్ని,
తర్వాత బీవిని, ఆ పెట్టెని,
మూడో తడవ నన్ను, నా చంకలో ఇంటిపన్ను రిజిస్టర్లని.
"ఇయ్యేం తింటాయి నా, ఇంత బరువున్నాయి?" అన్నాడు.

తెల్లార్లూ రెడ్డి మిల్లు మిద్దె మీద,
మొలగొలుకుల మూటల మీదే అందరం.
బీవి పెట్టెలోంచి రస్కులు తీసింది.
టీచరు పాటెత్తుకుంటే ధనపాల్ అరవంలో అందుకున్నాడు.
పోలయ్య మాత్రం మెట్ల మీదే కూర్చున్నాడు,
రమ్మన్నా రాలా, ఒళ్లు తడిగా ఉందన్నాడు.
నీళ్లు తీశాక మిల్లు గుమాస్తా మూటలు లెక్కపెట్టి
ఒకటి తక్కువుందని
మెట్ల వైపే చూశాడు.

పోయినేటి కాగితంలో ఉంది:
"వివిధ కులమతముల వారు సామరస్యముతో జీవించుచున్నారు."
దాన్నే దించా.
"సామరస్యముతో" దగ్గర కాసేపు ఆగి
ఉండనిచ్చా.

నాలుగుంబావు. కిటికీలోంచి ఏరు.
నడుం వంచి, రాళ్ల కింద చేతులు పెట్టి
చేపల్ని తడుముతున్న మనిషి ఒకడు.
ఇంత దూరం నుంచి ఎవరో తెలీలా.

నది లోతెంతని వాళ్లడగలేదు.
అయినా అంచున పెన్సిల్‌తో రాశా:
మామూలుగా చీలమండ దాకా.
ఒక్కసారి, పోలయ్య మెడ దాకా.