పందొమ్మిది దినాల పక్కన

డబ్బా మీద పన్నెండు నెలలని రాసుండె.
నా లెక్క వేరే:
మౌసు పొట్ట మూతకు లోపలి దిక్కు
బాల్‌పెన్నుతోని తేదీలు.
ఉగాది దాటినంక ఏసిన సెల్లు డెబ్బై మూడు దినాలు,
దాని తర్వాతది నలభై ఆరు,
దేవరకొండ బస్టాండు ముంగటి కిరాణంల కొన్న
పది రూపాయలది
పందొమ్మిది దినాలకే పానం ఇడిసింది.

కంపెనోనికి ఏమెరుక
నా మౌసు దినాం ఎన్ని మైళ్లు నడుస్తదో.
కులం కాయితం, ఆదాయం కాయితం, పహాణీ నకలు,
పుట్టినోళ్ల తేదీలు, సచ్చినోళ్ల తేదీలు,
జానెడు రబ్బరు గుడ్డ మీద
తిరిగిందే తిరుగుడు.

మొదట్ల తీగ మౌసే ఉండె.
దాని తోకను నిజం ఎలుక కొరికింది
వానకాలం ఒక రాత్రి, ప్రింటరు ఎనుక.
పొద్దుగాల షట్టర్ లేపి చూసి
నవ్వాల్నో ఏడ్వాల్నో తెల్వలే.
తోక లేనిదే నయమని దీన్ని తెచ్చిన.
తోక లేనిదానికి ఆకలెప్పుడైతదో
చెప్పే ఆనవాలు ఒక్కటి లేదు.
ఎర్ర దీపం ఎలుగుతదన్నడు అమ్మినోడు,
నేనెన్నడూ చూడలే.
బాణం ముందుగాల కుంటుతది,
ఎన్కసిరి ఎగురుతది,
ఆఖరికి ఉన్నకాడ్నే నిలవడతది
నడి ఎండల మేక తీరు.

మంగళారం అట్లనే నిలవడ్డది.
ముంగట కేతావత్ దస్లీ కూసున్నది,
గుట్టమీది తండా నుంచి రెండు ఆటోలు మారి వచ్చింది.
నాలుగు సార్లు ఏలు పెట్టించిన, మిషను పట్టలే.
పత్తి ఏరిన ఏళ్లకు గీతలెక్కడియి?
అయిదోసారి
ఎడమచెయ్యి ఉంగరపేలికి
పచ్చ టిక్కు పడ్డది.
ఇగ ఒక్క నొక్కుడే.
"సమర్పించు" అన్న నీలం డబ్బాకు
బెత్తెడు దూరంల బాణం ఆగింది.
పక్కన అంకెలు తరుగుతున్నయి,
నూటిరవై, నూటపందొమ్మిది,
సున్నా అయితే మళ్ల ఏలుకాడ్నించి మొదలు.

సొరుగు గుంజిన.
పిన్నులు, స్టాంపు, పాత సెల్లులు ఆరు,
ఏది సచ్చిందో ఏది బతికిందో నాకే యాదికి లేదు.
గోడ గడియారం దిక్కు చూసిన.
దాని సెల్లు కిందటి నెలనే కాజేసిన,
అప్పటిసంది మా సెంటర్ల
ఎప్పుడూ పదకొండు నలభయ్యే.

"ఇటియ్యి బిడ్డా" అన్నది దస్లీ.
రెండు అరచేతుల నడుమ పెట్టి
సల్ల కవ్వం లెక్క తిప్పింది,
ఊదింది,
తుక్రి అంచుకు రుద్ది మళ్ల తిప్పింది.
"పందుల కావలికి పోతే రాత్రిళ్లు గిట్లనే.
బ్యాటరీల మసాల అయిపోతే
ఉడుకు జేస్తే జరసేపు ఎలుగుతది."
మా తాత గూడ మసాలనే అనేటోడు.
సెల్లు అన్న మాట నాకు బళ్లె వచ్చింది.

నాలుగు సార్లు మిషను పట్టని ఆ చేతులను
సెల్లు గుర్తుపట్టింది.
మూత ఏసిన.
బాణం తుమ్మినట్టు ఒక్కసారి కదిలింది.
పద్నాలుగు, పదమూడు,
నొక్కిన.

రసీదు బయటికి రాంగనే మౌసు మళ్ల సల్లబడ్డది.
ఈసారి తాకి చూడలే.
దస్లీ రసీదును నాలుగు మడతలు బెట్టి దోపుకున్నది.
"ఆ కాలిపోయినయి పారేస్తవా?" అన్నది.
మనుమడు వాటితోని రోడ్డు రోలరు జేస్తడట.
ఆరూ ఇచ్చిన.
ముప్పై అయిదు తీసుకునే కాడ ముప్పై తీసుకున్న,
ఎందుకని ఆమె అడగలే.

"టైమెంతయింది, ఆటో ఉన్నదా?"
గోడ దిక్కు చూసి
"పదకొండు నలభై" అన్న.
వాకిట్ల నీడలు తూర్పుకు సాగినయి,
ఆమె వాటిని చూసింది, నన్ను చూసింది,
నోటికి అంచు అడ్డం బెట్టుకొని నవ్వింది.

పొద్దుగూకినంక కొత్త సెల్లు తెచ్చిన.
మూత ఇప్పి తేదీ ఏసి,
దాని మీది వరుసల
పందొమ్మిది దినాలు అన్న కాడ పెన్ను ఆపి
పక్కన చిన్నగ రాసిన:
నాలుగు నిమిషాలు, దస్లీ.